పది రోజులు ఆగొచ్చన్నాను: ఒక కిడ్నీ రోగి చివరి 82 రోజులు

మా క్లినిక్‌లో ప్రతి కుక్కకూ ఒక కార్డు ఉంటుంది. వయసు, బరువు, టీకాలు, ఏ రోజు ఏం ఇచ్చాం అన్నీ అందులోనే. కార్డులో నేను ఎప్పుడూ "అది" అనే రాస్తాను. "నిన్న రెండుసార్లు కక్కింది" అన్నట్టు. ఇక్కడ చెప్పబోయే కుక్క కార్డులో మాత్రం మూడో వారం నుంచి "కక్కాడు", "తిన్నాడు" అని పడింది. ఇంటివాళ్లు అలా అనేవాళ్లు, నా చేతికీ అలవాటైపోయింది. వైద్యుడికి ఇది మంచి అలవాటో కాదో గానీ, ఈ కేసులో నేను చేసిన పొరపాటుకి ఇదీ కొంత కారణమని నా అనుమానం.

ఇంటివాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. కుక్క పేరు మార్చాను. మనుషుల గురించి కేసుకి అవసరమైనంతే చెప్తాను.

మొదటి రోజు

చింటూ, మగ, 11 ఏళ్లు. అందరూ పామరేనియన్ అంటారు గానీ అసలు జాతి ఇండియన్ స్పిట్జ్. విదేశీ కుక్కల్ని తెప్పించుకోవడం కష్టమైన 1980, 90 దశకాల్లో మన మధ్యతరగతి ఇళ్లలో స్థిరపడిన తెల్లబొచ్చు కుక్క ఇదే. పెరుగన్నం తిని, ఎండకు ఓర్చుకుని, గేటు దగ్గర వీధంతా వినపడేలా మొరుగుతుంది.

నవంబర్ ఆఖరి వారంలో ఒక ఉదయం తువ్వాల్లో చుట్టి ఆటోలో తెచ్చారు. తెచ్చినాయన రిటైరైన లెక్కల మాస్టారు. వెనకే ఆయన భార్య, చేతిలో స్టీలు గిన్నె, అందులో పెరుగన్నం. "ఇది ఎదురుగా పెడితే గిన్నె కూడా నాకేసేవాడండి. నాలుగు రోజుల్నుంచి మూతి తిప్పుకుంటున్నాడు" అన్నారు. రెండు నెలలుగా చిక్కిపోతున్నాడు, పొద్దున్నే పచ్చగా డోక్కుంటున్నాడు, నోరు వాసన. రాత్రి లేచి హాల్లోనే పోసేస్తున్నాడు, ఎప్పుడూ లేని అలవాటు.

కిడ్నీల మాట ఎత్తగానే మాస్టారు ఒప్పుకోలేదు. "నీళ్లు తెగ తాగుతున్నాడండి, పాస్ కూడా ధారాళంగా పోస్తున్నాడు. కిడ్నీలు పాడైతే పాస్ ఆగిపోవాలి కదా?" ఈ మాట నాకు వారానికి ఒకసారైనా వినబడుతుంది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో జరిగేది దీనికి తలకిందులు. మూత్రాన్ని చిక్కబరచి నీటిని వెనక్కి పట్టుకోవడం ఆరోగ్యమైన కిడ్నీ పని. వడపోత గొట్టాల్లో మూడింట రెండొంతులు పోయేసరికి ఆ పట్టు తప్పుతుంది, నీళ్లలాంటి మూత్రం బయటికి పోతూ ఉంటుంది, పోయినదాన్ని పూడ్చుకోవడానికి కుక్క తాగుతూనే ఉంటుంది. కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగి పరీక్షలో కనబడేసరికి నాలుగింట మూడొంతులు పోయి ఉంటాయి. అంటే హాల్లో మొదటిసారి పోసిన రోజే మనకు కబురు అందింది. మనం తుడిచేసి ఊరుకున్నాం.

పాత కార్డు తీశాను. నాలుగేళ్ల క్రితం గోమార్ల జ్వరం, ఎర్లికియా అనే క్రిమి వల్ల వచ్చేది. ప్లేట్‌లెట్లు 38,000కు పడ్డాయి. డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడమని రాశాను. అడిగితే, పదో రోజుకే లేచి తిరిగాడని ఆపేశారట. లోపల మిగిలిపోయిన ఎర్లికియా ఏళ్లపాటు రోగనిరోధక వ్యవస్థను రేపుతూ, కిడ్నీ వడపోత పొరల్ని దెబ్బతీయగలదు. ఈ కుక్కలో జరిగింది అదేనని నేను రుజువు చేయలేను. ఇంకొకటి కూడా బయటపడింది. అక్టోబర్‌లో కాలు కుంటుతున్నాడని మెడికల్ షాపులో అడిగితే మనుషులు వాడే డైక్లోఫెనాక్ నొప్పి మాత్రలు ఇచ్చారు, వారం రోజులు వేశారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు పడిపోయింది. "అప్పటికే కిడ్నీలు సగం పైగా పోయి ఉంటాయమ్మా, ఆ మాత్రతో మొదలైంది కాదు" అన్నాను. అది నిజమే. ఆ మాత్ర వల్ల కొన్ని వారాలు ముందుకు జరిగి ఉండొచ్చన్నదీ నిజమే. రెండోది ఆ రోజు చెప్పలేదు, అందుకు పశ్చాత్తాపం లేదు.

బరువు 8.6 కిలోలు, ఏడాది క్రితం 11.2. ఒళ్లు 100.4 ఫారెన్‌హీట్, కుక్కకు ఇది తక్కువే. చిగుళ్లు పాలిపోయాయి, నాలుక అంచున పుండు, చర్మం పట్టుకుని వదిలితే వెనక్కి పోవడం లేదు. పై రక్తపోటు 172. క్రియాటినిన్ 5.6, బీయూఎన్ (రక్తంలో యూరియా లెక్క) 118, ఫాస్ఫరస్ 8.9, హిమోగ్లోబిన్ 7.9. మూత్రం సాంద్రత 1.011, అంటే దాదాపు చిక్కబడని నీరే. మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్ నిష్పత్తి 2.8, అర దాటితేనే ఆలోచించాలి. స్కానింగులో రెండు కిడ్నీలూ చిన్నవై, గరుకుగా, లోపలి పొరల తేడా తెలియకుండా ఉన్నాయి.

ఇక్కడ కొత్తగా ప్రాక్టీసులోకి వచ్చినవాళ్లకు ఒక మాట. ఒంట్లో నీరు ఎండిపోయిన కుక్కను మొదటి రక్తపరీక్షతోనే నాలుగో దశ అని తేల్చకండి. క్రియాటినిన్ 2.9 నుంచి 5.0 వరకు మూడో దశ, 5.0 దాటితే నాలుగో దశ అని ఐరిస్ అనే అంతర్జాతీయ పశు కిడ్నీ నిపుణుల సంఘం వర్గీకరణ. కానీ అది ఒంట్లో నీరు సర్దుకుని నిలకడపడ్డ కుక్కకి వేసే లెక్క. మూడు రోజులు సెలైన్ ఎక్కించాక నాలుగో రోజున క్రియాటినిన్ 4.2, ఫాస్ఫరస్ 6.4. మూడో దశ చివరి మెట్టు. ఆ రోజు సాయంత్రం కక్కకుండా నాలుగు ముద్దలు తిన్నాడు.

డల్లాస్ నుంచి ఫోను

చింటూకి అసలు యజమాని మాస్టారి వాళ్ల అబ్బాయే. ఇంటర్ చదివేటప్పుడు పోరుపెట్టి తెచ్చుకున్నాడు. ఇప్పుడు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అయిదో రోజు వీడియో కాల్‌లో మాట్లాడాడు. రిపోర్టులన్నీ చదివాడు, ఇంటర్నెట్టూ చదివాడు. "డబ్బు గురించి ఆలోచించకండి డాక్టర్ గారూ, డయాలసిస్ చేయిద్దాం. చెన్నైలో కుక్కలకు చేస్తారంట కదా."

చేస్తారు. కానీ కుక్కల్లో డయాలసిస్ ఎక్కువగా అక్కరకొచ్చేది హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీలకి. ఎలుకజ్వరమో, విషమో తగిలినప్పుడు, కిడ్నీ కోలుకునేదాకా రక్తాన్ని శుభ్రం చేస్తూ రోగిని నిలబెడుతుంది. ఇక్కడ కోలుకోవడానికి కిడ్నీ మిగల్లేదు. వారానికి రెండు మూడుసార్లు చెన్నై ప్రయాణం ఈ కుక్క తట్టుకోలేదు. ఆ కుర్రాడికి ఇదంతా ఓపిగ్గా చెప్పాను, విన్నాడు. "ఎన్నాళ్లుంటాడు?" అనడిగాడు. "నెలల లెక్కే. ఏళ్లు కాదు" అన్నాను. ఫోను పట్టుకున్న మాస్టారి చెయ్యి కదిలి, తెరమీద కాసేపు మా క్లినిక్ ఫ్యానే కనిపించింది.

ఆ రోజే, వీడియో ఆపేశాక, బాధ లేకుండా ప్రాణం పోయేలా చేసే ఇంజెక్షన్ మాట నేనే ఎత్తాను. ఇప్పుడు చేయాలని కాదు, ఒక రోజు ఆ అవసరం రావొచ్చు, అప్పుడు కంగారుపడకుండా ముందే ఆలోచించుకోమని. మాస్టారు మాట్లాడలేదు. ఆమె మాత్రం చటుక్కున, "వద్దండి. చేజేతులా చంపుకోలేం. వాడి టైమొచ్చినప్పుడు వాడే పోతాడు" అన్నారు. మన ప్రాంతంలో పదిమందిలో ఎనిమిది మంది మొదటి మాట ఇదే. నేను ఒత్తిడి చేయను. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో, జంతువును బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే పరిస్థితి ఒకటుందని ఒప్పుకునే సెక్షన్ ఉంది. చట్టం భాష వంటింట్లో పనికిరాదు గనక ఎవరికీ చెప్పను.

ఇంట్లో వైద్యం

కిడ్నీ కుక్కల కోసం అమ్మే ప్రత్యేక ఆహారం కొనిపించాను. రెండు రోజులు తిన్నాడు, మూడో రోజు గిన్నెను మూతితో నెట్టేశాడు. అలాంటప్పుడు పంతం పట్టకూడదు. పథ్యం తినక చిక్కిపోయే కుక్క కంటే, కాస్త అటూ ఇటూ తిండి తిని నిలబడే కుక్క నయం. మెత్తగా వండిన అన్నం, ఉడికించిన గుడ్డు తెల్లసొన, సొరకాయ, ఒక చెంచా నెయ్యి. పాడైన కిడ్నీలు బయటికి పంపలేని ఫాస్ఫరస్, గుడ్డులో దాదాపు అంతా పచ్చసొనలోనే ఉంటుంది. తెల్లసొన మంచి ప్రోటీన్, కిడ్నీకి భారం తక్కువ. పెరుగు తగ్గించమన్నాను, మానమనలేదు. పచ్చసొనలు మాస్టారి వాటాకి వచ్చాయి. "నా కొలెస్ట్రాల్ చింటూ ఖాతాలో రాయండి" అని ఒకసారి నవ్వారు.

ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టేసే అల్యూమినియం హైడ్రాక్సైడ్ మొదలుపెట్టాం. అది తిండిలో కలిస్తేనే పని చేస్తుంది, ఖాళీ కడుపున పోస్తే దండగ. షాపులో దొరికే గ్యాస్ సిరప్‌లు చాలావాటిలో మెగ్నీషియం కూడా ఉంటుంది, అది పాడైన కిడ్నీలకు పడదు. అందుకే సీసా వెనక రాసింది చదివించి మరీ తెప్పించాను. బీపీకి ఆమ్లోడిపిన్ 2.5లో సగం. వాంతులకు మారోపిటంట్, ఆకలికి మిర్టజపీన్ పావు మాత్ర. రక్తం పెంచే ఎరిత్రోపోయిటిన్ గురించి అబ్బాయి అడిగాడు. మనుషుల కోసం తయారైన ఆ మందుకు కుక్క ఒళ్లు విరుగుడు తయారుచేసుకుంటే, ఉన్న రక్తం కూడా తయారవడం ఆగిపోవచ్చు. మిగిలిన కాలం నెలల్లో ఉన్నప్పుడు ఆ జూదం వద్దనుకున్నాను.

అన్నిటికంటే పనికొచ్చింది చర్మం కింద సెలైన్. రోజు విడిచి రోజు 150 మి.లీ. రింగర్ లాక్టేట్. ప్రతిసారీ ఆటోలో తెచ్చి, టేబుల్ మీద పడుకోబెట్టి, భయపెట్టి ఎక్కించడం కన్నా ఇంట్లోనే నేర్పుదామని వాళ్లింటికి వెళ్లాను. మాస్టారు సూది చూసి బాల్కనీలోకి వెళ్లిపోయారు. ఆమె వచ్చి కూర్చున్నారు.

సీసాను ముందు పది నిమిషాలు వేడినీళ్ల గిన్నెలో ఉంచాలి. చల్లటి సెలైన్ లోపలికి పోతుంటే ఏ కుక్కా కుదురుగా ఉండదు. మణికట్టు మీద చుక్క వేసి చూసుకోవాలి, చంటిపిల్లల పాలకి చూసినట్టే. కిటికీ చువ్వకి సీసా కట్టాం. రెండు భుజాల మధ్య చర్మాన్ని ఎడమచేత్తో పైకి లాగితే గుడారంలా లేస్తుంది, దాని మొదట్లోకి సూది. మొదటిసారి సూది అవతలివైపు బయటికొచ్చి సెలైనంతా ఆమె చీర మీద పడింది. రెండోసారి సరిగ్గా పడింది. భుజం మీద కోడిగుడ్డంత బుడగ లేచేసరికి "అయ్యో" అన్నారు. కొన్ని గంటల్లో ఇంకిపోతుంది, ఒక్కోసారి ముందుకాలిలోకి దిగి బూరెలా వేలాడుతుంది, భయపడొద్దని చెప్పాను. సీసా ఒకటి మూడుసార్లకు వస్తుంది, సూది మాత్రం ప్రతిసారీ కొత్తది. వారం తిరిగేసరికి నా కన్నా సున్నితంగా ఎక్కిస్తున్నారు. పదిహేను నిమిషాలూ వాడికి చెవి వెనక గోకుతూ, టీవీలో సీరియల్ చూస్తూ.

25వ రోజు: బరువు 9.0, క్రియాటినిన్ 3.9, ఫాస్ఫరస్ 5.2, రక్తపోటు 148. మూడో దశలో ఫాస్ఫరస్ 5 లోపు ఉంచాలన్నది లక్ష్యం, దాదాపు అందుకున్నాం. కార్డులో ఆ పేజీ చూస్తే నా దస్తూరీ కూడా కుదురుగా ఉంది.

పాల లెక్క క్యాలెండర్

ఇలాంటి కేసుల్లో నేను ఇంటివాళ్లకు రెండు పనులు చెప్తాను. మొదటిది ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు రూపొందించిన కొలబద్ద. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డరోజుల కంటే మంచిరోజులు ఎక్కువా కాదా. ఏడింటికీ పదేసి మార్కులు, మొత్తం 70. 35 పైన ఉంటే బతుకు పర్వాలేదు, కొనసాగించవచ్చు.

రెండోది నా సొంత పద్ధతి. రోజూ కనబడే చోట మంచిరోజుకి సున్నా, చెడ్డరోజుకి ఇంటూ పెట్టమంటాను. వీళ్లింట్లో వంటగది తలుపు వెనక గోడ క్యాలెండర్ ఉంది. ఆమె అందులో పాల ప్యాకెట్ల లెక్క రాసుకుంటారు. అదే గడిలో, పాల లెక్క పక్కన, చింటూ సున్నాలూ ఇంటూలూ. డిసెంబర్‌లో 31 గడుల్లో 9 ఇంటూలు. సంక్రాంతి నెలలో 14.

ఆ జనవరి ఇంటూల్లో మూడు కనుమ తర్వాతవి. పండక్కి వచ్చిన బంధువులెవరో మటన్ ముక్కలు, ఎముకలతో సహా, బల్ల కింద అందించారు. వాడు అన్నీ తిన్నాడు. గేటు దగ్గరికి పరిగెత్తి మరీ తిరిగొచ్చి తిన్నాడట. ఆ రాత్రి నుంచి వాంతులు. 56వ రోజు పరీక్షలో క్రియాటినిన్ 5.1, ఫాస్ఫరస్ 7.8. నేను గట్టిగానే కేకలేశాను. ఇప్పుడైతే వేయను. ఆ మాంసం తినకపోయినా ఫిబ్రవరి వచ్చేది. క్యాలెండర్‌లో కనుమ రోజు గడిలో ఆమె పెట్టిన సున్నా మిగతావాటికంటే పెద్దగా ఉంది.

సగటు

70వ రోజు. వాంతులు మళ్లీ మొదలయ్యాయి, వెనక కాళ్లు తడబడుతున్నాయి. ఆ రోజు మొదటిసారి ముగ్గురినీ విడివిడిగా మార్కులు వేయమన్నాను. అబ్బాయి వీడియోలో చూసి 44 వేశాడు. మాస్టారు 38. ఆమె 29.

ఈ మూడు అంకెలూ కార్డులో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఇప్పుడు చూస్తే ఇంత తేలిగ్గా కనబడేది ఆ రోజు నాకెందుకు కనబడలేదో అర్థం కాదు. అబ్బాయి ఫోను చేసే వేళకి ఇక్కడ సాయంత్రం. కొడుకు గొంతు వినగానే చింటూ తల ఎత్తేవాడు, తోక రెండుసార్లు ఆడించేవాడు. 44 మార్కులూ ఆ రెండు ఊపులకే. మాస్టారు పగలు చూస్తారు. రాత్రి రెండింటికి లేచి తడిసిన గోనెపట్టా తీసి, వెనకవైపు కడిగి, బొచ్చు ఆరేదాకా తుడిచేది ఆమె ఒక్కరే. శుభ్రతకి ఆమె వేసింది రెండు. సంతోషానికి మూడు.

నేనేం చేశానంటే, మూడూ కూడి మూడుతో భాగించాను. 37. గీత 35 దగ్గర ఉంది కదా. "ఇంకా పర్వాలేదు" అని చెప్పి, సెలైన్ రోజూ ఎక్కించమన్నాను.

76వ రోజు క్రియాటినిన్ 7.4, బీయూఎన్ 164, ఫాస్ఫరస్ 11.2. రక్తంలో ఎర్రకణాల శాతం 17. బరువు 7.5. నోట్లో పుండ్లు, నీళ్లు తాగబోతే నొప్పికి మూతి వెనక్కి తీసుకుంటున్నాడు. ఇది నాలుగో దశ, ఇందులో రెండో మాట లేదు. చెప్పాల్సిన మాట చెప్పడానికి ఆ సాయంత్రం వాళ్లింటికే వెళ్లాను. నేను నోరు తెరిచే లోపే మాస్టారు, "అబ్బాయికి సెలవు దొరికిందండి. 17న వస్తున్నాడు. పది రోజులు. ఈ పది రోజులు నిలబెట్టగలరా?" అన్నారు. ఫోనులో అబ్బాయి కూడా ఉన్నాడు. ఒక్కసారి చూసుకుంటానండి, అంతే అన్నాడు.

"ఆగొచ్చు" అన్నాను.

వైద్యపరంగా అబద్ధం కాదు. గుండె బాగుంది, రోజుకి రెండుసార్లు సెలైన్, ఇంజెక్షన్లతో ఊపిరి పది రోజులు ఆడించవచ్చు. కానీ వాళ్లు అడిగింది ఒకటి, నేను జవాబిచ్చింది ఇంకోటి. ఈ పది రోజులూ చింటూకి ఎలా ఉంటాయో ఒక్క ముక్కలో చెప్పి ఉంటే, ఆ కుర్రాడు టికెట్టయినా ముందుకు జరుపుకునేవాడు, లేదా వద్దులెండి అనేవాడు. ఆమె వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను ఆమెను ఏమీ అడగలేదు.

82వ రోజు

ఫిబ్రవరి 12 రాత్రి పదకొండున్నరకి ఫోను. ఫిట్స్. నేను వెళ్లేసరికి రెండోది వస్తోంది. రక్తంలో విషపదార్థాలు పేరుకుంటే మెదడు ఇలా స్పందిస్తుంది. డయాజిపాం నరంలోకి ఇవ్వాలి, కానీ రక్తపోటు పడిపోయి నరాలు దారాల్లా ఉన్నాయి. ముందుకాళ్లు రెండూ తప్పిపోయాయి, వెనకకాలి మీద దొరికింది. ఫిట్స్ ఆగాయి. నరంలో పెట్టిన క్యాన్యులా గొట్టం తీయకుండా పట్టీ వేసి ఉంచేశాను. ఎందుకు ఉంచుతున్నానో ఆమె అడగలేదు.

మాస్టారు "17 దాకా..." అంటూ ఏదో మొదలుపెట్టారు. ఆమె అడ్డం వచ్చారు. "వాడొచ్చేదాకా దీన్నిలా ఉంచడం నా వల్ల కాదండి. పొద్దున్న వచ్చెయ్యండి డాక్టరు గారూ." ఆ ఇంట్లో చింటూని "దీన్ని" అనడం నేను విన్నది ఆ ఒక్కసారే. మొదటి వారం "చేజేతులా" అన్న మనిషి. నేనూ మాస్టారూ ఆమె ముఖం చూడలేకపోయాం.

అంగీకార పత్రం మీద ఆమే సంతకం చేశారు. ఉదయం తొమ్మిదింటికి, ఎప్పుడూ సెలైన్ ఎక్కించే కిటికీ కింద, అదే పాత దుప్పటి మీద. డల్లాస్‌లో అప్పుడు రాత్రి. వీడియో ఉంచాలా వద్దా అని నన్నడిగితే, అది అబ్బాయి ఇష్టానికి వదిలేయమన్నాను. కాకపోతే ముందు ఒంటరిగా అతనితో రెండు నిమిషాలు మాట్లాడాను. ఏం కనబడుతుందో ముందే తెలియకపోతే ఆ దృశ్యం మనిషిని ఏళ్లపాటు వదలదు. కళ్లు మూసుకోవు, తెరిచే ఉంటాయి. ప్రాణం పోయాక కూడా ఒకటి రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చినట్టు అవ్వొచ్చు, అది బాధ కాదు. కండరాలు అదరొచ్చు, మూత్రం పోవచ్చు. అవన్నీ విని, "ఉంచండి, చూస్తాను" అన్నాడు.

పద్ధతి గురించి సాటి వైద్యుల కోసం నాలుగు మాటలు. కిడ్నీ కుక్కకి మత్తు కోసం జైలజిన్ వాడితే ముందు వాంతి అవుతుంది. ఆఖరి నిమిషాల్లో ఆ యాతన ఎందుకు. బ్యూటోర్ఫనాల్, మిడజోలం ఇచ్చాను, అయిదు నిమిషాలు వాళ్లకు వదిలేశాను. ఆమె తులసి నీళ్లు తెచ్చి నాలుక మీద మూడు చుక్కలు వేశారు. మింగలేని స్థితిలో ఎక్కువ పోయనివ్వకూడదు, మూడు చుక్కలకి ఏమీ కాదు. తర్వాత ప్రొపోఫాల్, పూర్తిగా నిద్రలోకి జారాక థయోపెంటోన్. ఈ పనికి వాడాల్సిన పెంటోబార్బిటాల్ మన దగ్గర సులువుగా దొరకదు గనక చాలామందిమి దీనితోనే నెట్టుకొస్తున్నాం. ఇది నరం పక్కకి జారితే మంటపుడుతుంది, అందుకే రాత్రి పెట్టిన క్యాన్యులాను ముందు సెలైన్‌తో కడిగి చూసుకున్నాను. మత్తు లేకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించే పద్ధతి ఇంకా అక్కడక్కడా ఉంది. స్పృహలో ఉన్న జంతువుకి అది ఊపిరి బిగబట్టి చంపడమే, దయచేసి మానండి. స్టెతస్కోపు అయిదు నిమిషాలు పెట్టి ఉంచాను. 9.40.

సొంతూరిలో కొబ్బరితోట ఉంది, అక్కడికి తీసుకెళ్తామన్నారు. నాలుగడుగుల లోతు తప్పనిసరి అని చెప్పాను. ఆ మందు శరీరంలోనే ఉండిపోతుంది, ఊరకుక్కలు తవ్వి తింటే వాటికీ ప్రమాదం. ఉప్పూ పసుపూ వేసి పూడ్చారు.

తర్వాత

అబ్బాయి 17న దిగాడు. 19న తల్లితో కలిసి క్లినిక్‌కి వచ్చాడు. మిగిలిన రింగర్ లాక్టేట్ సీసాలు రెండు, సూదులు, సగం వాడిన మందులు సంచిలో తెచ్చారు. కార్డుకి జతచేస్తాను, క్యాలెండర్ పేజీలు ఫొటో తీసుకోనిస్తారా అని ముందే అడిగాను, అవీ తెచ్చారు.

కాసేపు అవీ ఇవీ మాట్లాడాక అడిగాడు, కోపంగా కాదు. "పది రోజులు ఆగొచ్చని మీరన్నారు కదండీ. ఎలా ఉంటుందో చెప్పి ఉంటే నేను ఆగమని అనేవాణ్ణి కాదు." నా దగ్గర జవాబు లేదు. ఆ ఆరు రోజులూ నా పొరపాటేనని చెప్పాను. మార్కులు సగటు తీసిన సంగతి కూడా చెప్పాను. వారం తర్వాత మాస్టారు ఫోను చేసి, "ముగ్గురు ఒకే ప్రశ్నకి జవాబు రాసినప్పుడే సగటు తీయాలండి. మేం ముగ్గురం మూడు ప్రశ్నలకి రాశాం" అన్నారు.

అప్పటినుంచి మార్కులు రాత్రిపూట చూసే మనిషి చేతే వేయిస్తున్నాను. మిగతావాళ్లవి రాసుకుంటాను, కలపను. మొదటి వారంలోనే కార్డు వెనక ఇంటివాళ్ల మాటల్లోనే మూడు గుర్తులు రాయిస్తున్నాను, ఏవి కనబడితే ఇక ఆగకూడదో. ఒకాయన "గేటు చప్పుడైతే లేవకపోతే" అని రాశారు. ఒకామె "నన్ను చూసి మొహం తిప్పుకుంటే" అని. ఎంత గడువైనా అడిగితే, అందులో ఒక్కో రోజు ఎలా గడుస్తుందో చెప్పాకే అవుననో కాదనో అంటున్నాను.

క్యాలెండర్ పేజీలు ఫొటో తీస్తుంటే అబ్బాయి పక్కన నిలబడి చూశాడు. ఫిబ్రవరి పేజీలో 12వ తేదీ దాకా పదకొండు ఇంటూలు. 4వ తేదీ గడిలో ఒక్క సున్నా.

"ఆ రోజేం చేశాడమ్మా?" అన్నాడు.

ఆమె గుర్తు తెచ్చుకోనవసరం లేకుండానే చెప్పారు. "పాలబ్బాయి మీద మొరిగాడు."